కుట్లూ అల్లికలూ: ముందు దారం, తర్వాతే సూది

కిందటి సంచికలో పసిపిల్లల టోపీ అల్లిక గురించి రాసిన తర్వాత బరంపురం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మీరు చెప్పినట్టే అల్లానండీ. లెక్క తప్పలేదు, ఒక్క కుట్టు జారలేదు. కానీ మనవడి నెత్తిన పెట్టగానే ఏడుపు లంకించుకుంటున్నాడు, తీసేస్తే నవ్వుతున్నాడు. నా చేతిలోనే ఏదో లోపం ఉందంటారా?" అని అడిగారు. ముందుచూపున్న మనిషి, మిగిలిన ఊలులోంచి జానెడు ముక్క కూడా కవరులో పెట్టి పంపారు. దాన్ని మణికట్టు లోపలివైపు రెండుసార్లు రాసుకుని చూశాను. ఆవిడ చేతిలో ఏ లోపమూ లేదు. ఊలే గుచ్చుకుంటోంది.

"అల్లిక నాకు అచ్చిరాలేదు" అని సూదులు అటకెక్కించిన వాళ్ళు మనలో చాలామందే ఉంటారు. వాళ్ళని కూర్చోబెట్టి అడిగితే తేలేది ఒకటే. అల్లడం చేతకాక మానేసినవారు తక్కువ. దారం కొనేటప్పుడు ఎవరూ పక్కనుండి చెప్పక మానేసినవారు ఎక్కువ. అందుకే ఈసారి కొత్త నమూనా ఏదీ ఇవ్వడం లేదు. దారం కొనడం గురించే మాట్లాడుకుందాం. నన్నడిగితే ఈ పని మొత్తంలో అన్నిటికంటే సరదా అయిన ఘట్టం అదే.

సరదా అని ఊరికే అనడం లేదు. చీరల దుకాణంలో కూర్చుంటే చీర ఎలా ఉంటుందో అక్కడే కనపడిపోతుంది. నచ్చితే కొంటాం, లేకపోతే లేచి వస్తాం. ఊలు దుకాణంలో అలా కాదు. అక్కడ ఉన్నది ఉండలే. అది నాన్నగారి మఫ్లరో, పాపాయి మేజోళ్ళో, దేవుడి గది తెరో మనమే ఊహించుకోవాలి. బెంగుళూరు చిక్కపేట సందుల్లోనో, చెన్నై జార్జిటౌనులోనో నాలుగు దుకాణాలు తిరిగి, ఉండలు చేతిలోకి తీసుకుని, నొక్కి, బుగ్గకి ఆనించుకుని, ఇంటికొచ్చేసరికి మనసులో సగం అల్లిక అయిపోయి ఉంటుంది. ఇప్పుడు ఫోనులో ఆర్డరు చేస్తే ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, కాదనను. కానీ ఫోటోని మణికట్టుకి రాసుకోలేం కదా!

నాలుగు పరీక్షలు

దుకాణంలో నిలబడి అయిదు నిమిషాల్లో చేయదగిన పరీక్షలు నాలుగున్నాయి.

మొదటిది, తాకి చూడడం. అరచేతితో కాదు. వంటా వార్పూ చేసిన అరచేతులకి అంత సున్నితం ఉండదు. మణికట్టు లోపలివైపు గానీ, మెడ పక్కన గానీ రాసి చూడాలి. అక్కడ గుచ్చుకోని దారం ఒంటిమీద ఎక్కడా గుచ్చుకోదు.

రెండోది, లాగి చూడడం. జానెడు దారం రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగి వదలాలి. ఉన్ని సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. నూలు దాదాపు సాగదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదట్లో ఒక కుట్టు బిగుతుగా, ఒక కుట్టు వదులుగా వేస్తారు. సాగి ముడుచుకునే దారం ఆ హెచ్చుతగ్గుల్ని కొంత కప్పిపుచ్చుతుంది. నూలు కప్పదు, ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

మూడోది, పురి చూడడం. దారం కొసని వేళ్ళ మధ్య పురికి ఎదురు తిప్పితే పోగులు విడిపోతాయి. కాస్త తిప్పగానే విచ్చుకుపోయి కుచ్చులా తయారైతే, క్రోషె సూది కొక్కెం ప్రతిసారీ దారం మధ్యలోకి దూరి చీలుస్తుంది. కొత్తవారికి అంతకంటే విసుగు పుట్టించేది మరొకటి లేదు. పురి గట్టిగా, గుండ్రంగా ఉన్న దారం సూది మీద చక్కగా జారుతుంది.

నాలుగోది, వెలుతురులో చూడడం. ట్యూబులైటు కింద నేరేడుపండు రంగులా కనిపించింది వీధిలోకి తెస్తే వంకాయరంగు అవుతుంది. మొహమాటపడకుండా ఉండ పట్టుకుని గుమ్మం దాకా నడవండి. మంచి దుకాణదారు ఏమీ అనుకోడు. ఆ చేత్తోనే ఉండకి చుట్టిన కాగితం మీద లాట్ నంబరు కూడా చూడండి. ఒకే రంగు పేరున్నా, వేరు వేరు తొట్లలో అద్దిన దారాలకి కాస్త తేడా ఉంటుంది. ఉండలుగా చూస్తే తెలియదు గానీ, స్వెట్టరు వీపు మధ్యలో గీత గీసినట్టు కనపడుతుంది. కనుక కావలసినవన్నీ ఒకే లాటులోవి తీసుకుని, ఒక ఉండ అదనంగా కూడా కొనండి. వాడని ఉండ వాపసు తీసుకుంటారేమో ముందే అడిగి ఉంచుకోండి.

ఉన్నీ, నూలూ, యాక్రిలిక్

మనం అన్నిటినీ కలిపి "ఊలు" అనేస్తాం. దుకాణంలో ఊలు పేరుతో అమ్మే వాటిలో చాలావరకు గొర్రె ముఖం చూడనివే. అది యాక్రిలిక్, రసాయనాలతో తయారయ్యే పోగు. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ 1950లో 'ఆర్లాన్' పేరుతో దీన్ని బజారులోకి తెచ్చింది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు 'క్యాష్‌మిలాన్' అని పిలిచేదీ యాక్రిలికే. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. చవక, తేలిక, చిమ్మటలు కొట్టవు, రోజూ ఉతికినా తట్టుకుంటుంది. పాపాయిల దుప్పట్లకి మెత్తటి రకాలు దొరుకుతాయి. కానీ దానికి వేడంటే పడదు. ఇస్త్రీ పెట్టె తగిలితే అల్లిక జీవం పోయి జావలా వేలాడుతుంది. ఇక పొయ్యి దగ్గర మరీ ప్రమాదం.

మిగిలిన రంగురంగుల ఊలుతో వంటింటికి మసిగుడ్డలు అల్లే అలవాటు చాలామందికి ఉంది. చూడముచ్చటగానే ఉంటాయి. అది యాక్రిలిక్ అయితే మాత్రం కాగిన మూకుడు చెవి తగలగానే కరిగి వేళ్ళకి అంటుకుంటుంది. కాలడం ఒక బాధైతే, కరిగినది చర్మానికి అతుక్కోవడం మరింత బాధ. మసిగుడ్డకి నూలే వాడాలి, అదీ రెండు పొరలుగా.

మీ దగ్గరున్న ముక్క ఏమిటో తెలియకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అంగుళం ముక్క పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని, అగ్గిపుల్లతో వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు. వెంట్రుక కాలిన కంపు కొట్టి, బూడిద వేళ్ళ మధ్య నలిగి పొడైతే ఉన్ని. కరిగి, ముడుచుకుని, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగిలితే యాక్రిలిక్ లాంటి కృత్రిమ పోగు. పిల్లల్ని దూరంగా ఉంచి చేయండి సుమండీ.

ఇక అసలు ఉన్ని. తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా తడిగా అనిపించకపోవడం దాని గొప్పతనం. పొద్దున్నే మంచులో వాహ్యాళికి వెళ్ళే పెద్దవారి మఫ్లరుకి అంతకంటే తగినది లేదు. కానీ ఉన్నిలో ఎన్నో అంతరాలున్నాయి. పోగు లావుని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సుమారు 30 మైక్రాన్లకి మించిన పోగుల కొసలు చర్మం మీద వంగవు, గుచ్చుకుంటాయి. మెరీనో గొర్రెల ఉన్ని అంతకంటే బాగా సన్నం, అందుకే అంత మెత్తన. బరంపురం మనవడి ఏడుపుకి కారణం ఇదే. ఆ టోపీ పాడైపోయినట్టు కాదు. లోపల పాత మెత్తటి నూలు చీర ముక్కతో అస్తరు వేస్తే వాడే పెట్టుకు తిరుగుతాడు.

ముతక ఉన్ని పనికిరాదని కూడా అనకూడదు. దక్కను పీఠభూమి మీద తిరిగే నల్ల గొర్రెల ఉన్నిది ఆ తరహానే. తెలంగాణలో గొంగడిగా, మా కర్ణాటకలో కంబళిగా నేసేది దాన్నే. పడుగుకి చింతగింజల గంజి పట్టించి నేసిన ఆ గొంగడి వానకీ, చలికీ, నేల తేమకీ అడ్డం నిలుస్తుంది. గొర్రెల కాపరి దాన్ని తలమీంచి కప్పుకుంటాడు, కింద పరుచుకుంటాడు. అదే ఉన్నితో పాపాయికి బనీను అల్లితే అది ఉన్ని తప్పు కాదు కదా! ఏ దారం ఎవరికి, ఎక్కడికి, ఏ కాలానికి అన్నదే అసలు ప్రశ్న.

ఒక హెచ్చరిక. ఉన్నిపోగు మీద చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయి. వేడినీళ్ళలో వేసి బాదితే అవి ఒకదానికొకటి చిక్కుకుని, స్వెట్టరు బొమ్మ చొక్కా అంత అయి కూర్చుంటుంది. చల్లటి నీళ్ళలో, నలపకుండా ఉతికి, తువాలులో చుట్టి నొక్కి, నీడన పరిచి ఆరబెట్టాలి. ఇంత ఓపిక లేని ఇంటికి అసలు ఉన్ని బహుమతిగా అల్లి ఇవ్వకండి. కొత్తగా తల్లయిన పిల్లకి చేత్తో మాత్రమే ఉతకవలసినవి నాలుగిస్తే, అవి బీరువాలోనే ఉండిపోతాయి.

నూలు దగ్గరికొస్తే, మన దక్షిణాది ఎండలకి ఏడాది పొడవునా వాడుకోగలిగింది అదే. క్రోషెకి మనం వాడే మెరిసే దారం మెర్సరైజ్ చేసిన నూలు. ఇంగ్లండులోని లాంకషైర్‌కి చెందిన జాన్ మెర్సర్ నూలుని కాస్టిక్ సోడాలో ముంచే పద్ధతికి 1850లో పేటెంటు తీసుకున్నాడు. నూలు గట్టిపడింది, రంగు బాగా పట్టింది, కానీ ముడుచుకుపోయింది. ముడుచుకోకుండా బిగించి పట్టి ఉంచి అదే పని చేస్తే పట్టులాంటి మెరుపు వస్తుందని 1890 ప్రాంతంలో హొరేస్ లోవ్ చూపించాడు. దేవుడి గది తెర, టేబిలు గుడ్డ, గుమ్మం తోరణం లాంటివాటికి ఈ మెరుపు అందం. మసిగుడ్డకీ, ఒళ్ళు తుడుచుకునే గుడ్డకీ మెరుపు లేని మామూలు నూలే మంచిది, నీళ్ళు బాగా పీలుస్తుంది.

నంబర్ల గందరగోళం

సోలాపూరులో తరాలుగా స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాలకు నూలు నంబరు గురించి నేను చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. మిగతావారి కోసం చెబుతాను. 840 గజాలది ఒక చిలప. ఒక పౌను నూలులో అలాంటివి ఎన్ని వస్తే అదే దాని నంబరు. 40వ నంబరు నూలు పౌనుకి 40 చిలపలు, అంటే 33,600 గజాలు. దగ్గర దగ్గర ముప్పై కిలోమీటర్లన్నమాట! నంబరు పెరిగినకొద్దీ దారం సన్నబడుతుందని దీన్నిబట్టే తెలుస్తుంది.

క్రోషె దారం ఉండల మీద కనిపించే 10, 20, 40, 60 నంబర్లకీ అదే వరస, పెద్ద నంబరు సన్నం. పాత పద్ధతి అల్లిక సూదులూ అంతే, 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లలో చెప్పినప్పుడు మాత్రం తలకిందులు, పెద్ద అంకె లావు. ఇక 'ఫోర్ ప్లై' అంటే నాలుగు పోగులు కలిపి పురి వేసినదని మాత్రమే అసలు అర్థం. ఆ పోగులు సన్నవైతే ఫోర్ ప్లై కూడా సన్నంగానే ఉండవచ్చు. కనుక ప్లై చూసి లావు నిర్ణయించకండి, కాగితం మీద సూచించిన సూది కొలత చూడండి.

దాన్ని కూడా గుడ్డిగా నమ్మనక్కర్లేదు. నాలుగంగుళాల చదరం అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. నమూనాలో నాలుగంగుళాలకి 22 కుట్లని ఉండి, మీ చేతిలో 20 మాత్రమే వచ్చాయనుకోండి. 36 అంగుళాల చుట్టుకొలతకి వేసిన 198 కుట్లు మీ చేతిలో 39.6 అంగుళాలు అవుతాయి. నాలుగంగుళాలకి రెండు కుట్ల తేడా, ఒంటిమీదకొచ్చేసరికి మూడున్నర అంగుళాలు దాటింది. చదరం అల్లడానికి అరగంట పడుతుంది. స్వెట్టరు విప్పడానికి మనసు ఒప్పాలి.

తూకం కాదు, పొడవు

బ్యాంకులో పనిచేసేదాన్ని కనుక లెక్క దగ్గరికి రాకుండా ఉండలేను. ఊలు తూకం లెక్కన అమ్ముతారు, మనం అల్లేది పొడవు లెక్కన. ఒకే లావున్న రెండు దారాలున్నాయనుకోండి. మొదటిది 100 గ్రాములు 120 రూపాయలు, 200 మీటర్లు. రెండోది 100 గ్రాములు 90 రూపాయలు, 130 మీటర్లు. చూడగానే రెండోది చవకనిపిస్తుంది. మీటరు లెక్కన మొదటిది 60 పైసలు, రెండోది 69 పైసలు. చవకది ప్రియమైంది! ఒకే లావులో నూలు యాక్రిలిక్ కంటే బరువైన పోగు కనుక అదే తూకానికి పొడవు తక్కువ వస్తుంది. నూలు స్వెట్టరు బరువుగా ఉండి, చిలక్కొయ్యకి తగిలిస్తే కిందికి సాగేదీ అందుకే. దాన్ని మడతపెట్టి దాచాలి.

ఇంకో లెక్క ఇంతకంటే ముఖ్యం. ఉగాది సంబరాల్లో మన సోదరీమణులు అల్లిన సంచులు, తోరణాలు బల్లమీద పెట్టి అమ్ముతుంటారు. ఒక సంచి ధర ఆరు వందలని చెబితే, "ఇంట్లో ఊరికే కూర్చుని చేసేదేగా, అంతా?" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. లెక్క వేద్దాం. ఉదాహరణకు నూలు 250, అస్తరూ పిడులూ 100, మొత్తం 350 ఖర్చు. మిగిలేది 250. సంచికి ఇరవై గంటలు పట్టిందనుకుంటే గంటకి పన్నెండున్నర రూపాయలు. ఇప్పుడు చెప్పండి, ఎవరిది బేరం?

ఈ లెక్కలో దారం గురించి ఒక నీతి కూడా ఉంది. ధర గిట్టడం లేదని 250 రూపాయల నూలు బదులు వంద రూపాయల నాసిరకం వాడితే 150 మిగులుతుంది. కానీ రెండు నెలలకి పిడి సాగి, రంగు వెలిసి, కొన్నావిడ మళ్ళీ మన బల్ల దగ్గరికి రాదు. ఇరవై గంటల చేతిపని అందులోనే మునిగిపోతుంది. అల్లికలో అసలు పెట్టుబడి మన కాలం, దారం కాదు. గోరంత దాచుకోబోయి కొండంత పోగొట్టుకోకూడదు.

దారం ఎవరిదైతే...

మా అత్తగారిది నరసాపురం పక్క పల్లె. క్రోషె సూది చేతిలో పెట్టుకుని పుట్టారా అనిపించేది. మాటల్లో ఉండగానే చేతిలో పువ్వు తయారయ్యేది. నేను ఎప్పుడు దారం కొని తెచ్చినా ఉండ తీసుకుని వాసన చూసి, కొస లాగి, "ఎవరి కోసమమ్మాయ్?" అని అడిగేవారు. "ఏం అల్లుతావు?" అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఒకసారి మాత్రం ఉండలన్నీ ఒళ్ళో పోసుకుని, "మా చిన్నప్పుడు దారం ఎంచుకోవడమంటూ ఉండేది కాదే. వాళ్ళిచ్చిందే దారం, వాళ్ళు చెప్పిందే పువ్వు" అన్నారు.

ఆ మాట వెనక పెద్ద కథ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకి వచ్చిన లేసు పని, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో వేలాది ఇళ్ళకి పాకింది. అక్కడ అల్లిన టేబిలు గుడ్డలు, దుప్పట్లు యూరప్, అమెరికా ఇళ్ళకి చేరాయి. పద్ధతి మాత్రం ఒకటే. వర్తకుడి దగ్గర్నుంచి ఏజెంటు దారం తెచ్చి ఇళ్ళల్లో ఇస్తాడు, అల్లినది తీసుకుపోయి చేసినంతకి కూలి ఇస్తాడు. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు అతుకుపని చేస్తారు. పూర్తయిన దుప్పటి ఎక్కడికి పోయిందో, ఎంతకి అమ్ముడైందో అల్లిన చేతికి తెలియదు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఊళ్ళల్లో తిరిగి, 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద ఒక పుస్తకమే ప్రచురించారు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్న పేరు పెట్టడం వల్లే ఆ శ్రమకి కూలి అంత తక్కువగా కట్టారని ఆవిడ చూపించారు. మన ఉగాది బల్ల దగ్గర వినిపించే "ఊరికే కూర్చుని చేసేదేగా" అన్న మాటకి అదే పుట్టిల్లు.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనందరికీ గర్వకారణమే. కానీ వాణిజ్య శాస్త్రం చదువుకున్న బుర్రకి తోచేది ఇది: దారం ఎవరిదైతే ధర వారిది. ముడిసరుకు కొనే స్తోమత ఉన్నవాడే నమూనా, గడువు, రేటు నిర్ణయిస్తాడు. స్వయం సహాయక బృందాలకి బ్యాంకులు అప్పివ్వాలని 1992లో నాబార్డు 500 బృందాలతో ప్రయోగంగా మొదలుపెట్టినప్పుడు దాని వెనకున్న ఆలోచన కూడా ఇలాంటిదే. ఆడవాళ్ళ చేతిలో ముందుగా కాస్త సొంత పెట్టుబడి ఉండాలని. అల్లిక అమ్ముకుందామనుకునే సోదరీమణులు అయిదారుగురు కలిసి, తలా కొంత వేసుకుని, ఒకే లాటు దారం టోకున కొనుక్కుంటే సగం స్వాతంత్ర్యం అక్కడే వస్తుంది. చిల్లర ధరకీ టోకు ధరకీ తేడా మిగులుతుంది. మరీ ముఖ్యంగా ఏం అల్లాలో, ఎంతకి ఇవ్వాలో చెప్పే నోరు మనది అవుతుంది.

కొట్లో ఉండ చేతిలోకి తీసుకుని "ఇది బాగుంది, అది వద్దు" అనగలగడం చిన్న సరదాలాగే కనపడుతుంది. ఆ సరదా దక్కని చేతులెన్నో లోకం మెచ్చిన లేసు అల్లాయి. అది గుర్తుంటే ఆ అయిదు నిమిషాల విలువ తెలుస్తుంది.

రంగుల పేర్లు

మన పిల్లలు బళ్ళో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుకుంటారు. యానాం పిల్లల సంగతి వేరు, వాళ్ళ చుట్టూ తెలుగే. మిగతా ఊళ్ళల్లో రంగులన్నీ 'పింకు', 'గ్రీను', 'బ్లూ'లలోకి కుదించుకుపోయాయి. ఊలు కొనడానికి వెళ్ళేటప్పుడు మనవల్ని వెంట తీసుకెళ్ళండి. ఉల్లిపొర రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, గంధం, మెంతిరంగు, కనకాంబరం, ఇటుకరంగు అని ఒక్కొక్క ఉండా చూపించి పేరు చెప్పండి. నెమలికంఠం అనగానే "నెమలి మెడ అలా ఉంటుందా?" అని అడుగుతారు. అలా అడిగిన రంగుని మరిచిపోరు. ఒకే రోజు పది మాటలు నేర్పే తెలుగు బడి మరొకటి ఉంటే నాకు రాయండి.

ఇక మొదటిసారి కొనబోయేవారికి టూకీగా: లేత రంగు, ఒకే రంగు, నున్నటి దారం, 4 మిల్లీమీటర్ల సూదికి సరిపోయే లావు. నలుపూ ముదురు నీలమూ వద్దు, రాత్రిపూట కుట్లు కనపడవు, మా వయసువాళ్ళకి పగలూ కనపడవు. నూగు నూగుగా ఉండే దారం పసిపిల్లలకి అసలు వద్దు, నోట్లోకి పోతుంది. మేజోళ్ళు అల్లితే లోపలివైపు దారాలు వేలాడకుండా చూసుకోండి, పాపాయి కాలివేలికి చుట్టుకుని బిగిస్తే రక్తప్రసారం ఆగుతుంది. మసిగుడ్డకి మామూలు నూలు, మఫ్లరుకి మెత్తటి ఉన్ని, రోజూ ఉతికే దుప్పటికి యాక్రిలిక్, తోరణానికి 10 లేదా 20వ నంబరు మెరుపు నూలు. 40వ నంబరు జోలికి చేయి తిరిగాకే వెళ్ళండి.

వచ్చే సంచికలో నూలుతో రెండు పొరల మసిగుడ్డ అల్లే విధానం ఇస్తాను. ఒక్క సాయంత్రం పని. ఈలోగా మీ ఊళ్ళో మంచి దారం దొరికే దుకాణం గురించి, మీ ఇంట్లో వాడే రంగుల పేర్ల గురించి రాయండి. ఉత్తరంతోపాటు జానెడు దారం ముక్క పెట్టడం మరిచిపోకండి.